పచ్చ తీగ

1 అక్టోబరు 2002, మంగళవారం

ఫ్యాక్టరీ మానేసి నేటికి ఏడాది. పొద్దున ఏడింటికి కంపెనీ బస్సు హారన్ వినిపిస్తే ఇప్పటికీ చెయ్యి టిఫిన్ డబ్బా కోసం వెతుకుతుంది. ముందే వెళ్ళిపొమ్మని పంపినవాళ్ళలో మా లైనులోని ఆడవాళ్ళమే ఎక్కువ. నాకేమీ బాధ లేదు.

ఈరోజు శామ్యూల్ వచ్చాడు. పక్క సందులో మేడ మీద అద్దెకుంటాడు. ఒంగోలు వైపు మనిషి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ముప్పై దాటి ఉంటాయి. వాళ్ళ చర్చిలో గిటారు వాయిస్తాడు. ఆటోలో ఒక బరువైన పెట్టె తెచ్చి వసారాలో దించాడు. గిటారు ఆంప్లిఫయరు. పాతది, విదేశీది. లోపలున్నవి వాల్వులు, పాత రేడియోల్లో వెలిగే గాజు బుడ్లు.

"ఎస్‌పీ రోడ్డులో ఎలక్ట్రానిక్స్ షాపులన్నీ తిరిగానక్కా. ట్యూబ్ ఆంప్ అనగానే చేతులెత్తేస్తున్నారు. అవి పీకేసి ట్రాన్సిస్టర్ బోర్డు పెట్టుకోమంటున్నారు. మీరు వాల్వు సెక్షన్‌లో చేశారని కొండయ్యన్న చెప్పాడు."

మా ఆయన నోరు ఆగదు. బళేపేటలో గాజుల హోల్‌సేల్ అంగట్లో గుమాస్తా. అంగడికొచ్చిన వాళ్ళందరికీ నా ఉద్యోగం సంగతి చెప్తాడు.

"చేసినా. పదకొండేండ్లు. ఆ సెక్షన్ మూసేసి పదమూడేండ్లయ్యిండాది," అన్నాను.

"ఒకసారి చూడండక్కా. గిటారు పెట్టకపోయినా ఒకటే మోత."

పెట్టి పొమ్మన్నాను.

3 అక్టోబరు, గురువారం

వెనక పలక విప్పాను. నాలుగు చిన్న వాల్వులు, రెండు పెద్దవి. దుమ్ము కాలిన వాసన. ఆ వాసనకి కళ్ళు మూసుకుంటే వరసగా బల్లలు, బల్లల ముందు నీలం కోట్లు వేసుకున్న మేము.

స్విచ్చి ఆపినా పెద్ద కెపాసిటర్లలో కరెంటు నిలిచే ఉంటుంది. మూడొందల వోల్టులకు పైనే. ముందు ఒక రెసిస్టరుతో దాన్ని దించి, మీటరు సున్నా చూపించాకే వేలు పెట్టాను. ఇది మాత్రం ఫ్యాక్టరీలో గట్టిగా నేర్పారు. మిగతాది నేర్పలేదు. ఇరవై మూడేళ్ళు సాల్డరింగ్ చేశాను. ఎర్ర తీగ నాలుగో పిన్నుకి, పసుపు తీగ ఏడో పిన్నుకి. ఎందుకని అడిగితే సూపర్‌వైజరు "చార్టు చూడమ్మా" అనేవాడు. చార్టే చూశాను.

ఇక్కడ చార్టు లేదు.

ఎవరో తర్వాతెప్పుడో రెండు పిన్నుల తీగ తీసేసి మూడు పిన్నులది బిగించారు. స్విచ్చి పక్కన ఒక చిన్న కెపాసిటర్ ఉంది, కరెంటు వచ్చే తీగ నుంచి నేరుగా ఇనప చట్రానికి. అది ఎందుకుందో తెలియలేదు. మోతకూ దానికీ సంబంధం ఉన్నట్టు లేదు. వదిలేశాను.

7 అక్టోబరు, సోమవారం

మా ఆయన అవెన్యూ రోడ్డు పాత పుస్తకాల అంగట్లో రేడియో పుస్తకం ఒకటి తెచ్చిచ్చాడు. ఇంగ్లీషే, కానీ బొమ్మలున్నాయి. వంట పొయ్యి మీద పెట్టి చదివాను. చారు మాడింది.

వాల్వు నడిమధ్య ఒక రేకు ఎర్రగా కాగుతుంది. అందులోంచి ఎలక్ట్రాన్లు లేచి, ఎదురుగా ఎక్కువ వోల్టేజీ ఉన్న ప్లేటు వైపు పరిగెత్తుతాయి. మధ్యలో సన్నటి తీగ చుట్ట. గిటారు నుంచి వచ్చే చిన్న వోల్టేజీ ఆ చుట్ట మీదికి వస్తే, పరిగెత్తే గుంపంతా దానికి తగ్గట్టు తగ్గుతూ పెరుగుతూ ఉంటుంది. అంతే. చిన్నది పెద్దదాన్ని నడుపుతుంది. నేను ఏడో పిన్నుకి పెట్టిన పసుపు తీగ ఆ చుట్టదన్నమాట. కొన్ని వేల వాల్వులకు పెట్టి ఉంటాను.

మోత గురించి కూడా తెలిసింది. వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ పాడే శ్రుతీ ఈ పెట్టె మోతా ఒకటే. అంటే తప్పు వాల్వులది కాదు. కరెంటును చదును చేయాల్సిన పెద్ద కెపాసిటర్లు ఎండిపోయాయి. మంచిదొకటి పక్కన తగిలిస్తే మోత సగానికి పడింది.

మధ్యాహ్నం అన్నం తింటూ నవ్వుకుంటున్నానట. ఆయన చెప్పాడు.

12 అక్టోబరు, శనివారం

కెపాసిటర్లు మార్చాను. నిశ్శబ్దం. శామ్యూల్ వసారాలో కూర్చుని వాయించాడు. ఎదురింటి ఈరమ్మ బియ్యం చాట పట్టుకునే వచ్చి నిలబడింది. "పాట పాడ్తాండాదా, ఏడస్తాండాదా అది?" అంది. రెండూ అన్నాడు శామ్యూల్.

ఇంత సంతోషంగా ఈ ఏడాదిలో ఎప్పుడూ లేను.

26 అక్టోబరు, శనివారం

శామ్యూల్ ఫోను చేశాడు. చర్చి హాల్లో మళ్ళీ మోత, ఇంట్లో లేదు. క్రిస్మస్ పాటల సాధన మొదలవుతోందట, రమ్మన్నాడు. ఆటోలో వెళ్ళాను.

హాలు కరెంటు పని, మైకుల పని చూసే మస్తాన్ స్టూలు తెచ్చి వేశాడు. "మాది కదిరి అక్కా. మీ మాట చూస్తే మీరూ ఆ పక్కే అనిపిస్తాండాది," అన్నాడు. మా అమ్మది కదిరి అని చెప్పాను. టీ తెప్పించాడు.

ఆంప్లిఫయరు వెనక నుంచి మైకుల మిక్సరుకు ఒక కేబుల్ వెళ్తోంది. అది పీకితే మోత లేదు, పెడితే ఉంది. మిక్సరుకీ ఎర్తు ఉంది, దీనికీ ఎర్తు ఉంది, మధ్యలో ఈ కేబుల్. ఎర్తూ ఎర్తూ కలిసి ఒక చుట్టు అయింది, అందులో తిరిగే కరెంటు మోత పెడుతోంది. ఆ చుట్టు ఎక్కడో ఒకచోట తెగాలి.

ఫ్యాక్టరీ టెస్టింగ్ బెంచి మీద మగవాళ్ళు ఇలాంటప్పుడు ప్లగ్గులోని పచ్చ తీగ, ఎర్తు తీగ, తీసేసి పని కానిచ్చేవాళ్ళు. చాలాసార్లు చూశాను. అందరూ బయట టీ తాగుతున్నారు. ఆంప్లిఫయరు ప్లగ్గు విప్పి, పచ్చ తీగ కత్తిరించి, కొసకి ప్లాస్టిక్ స్లీవు తొడిగి మడిచి, మూత బిగించాను. రెండు నిమిషాలు. మోత పోయింది.

"ఏం చేశారక్కా?" అన్నాడు శామ్యూల్ లోపలికొచ్చి.

"ప్లగ్గు వదులుగా ఉండె. బిగించినా."

వివరమంతా చెప్తే ఊరికే భయపడతాడు. పాటలవాళ్ళు చప్పట్లు కొట్టారు. తీరిగ్గా వేరే మార్గం చూడాలి.

2 నవంబరు, శనివారం

దీపావళి పనులు. మోత లేదని శామ్యూల్ చెప్పాడు. వేరే మార్గం వచ్చే వారం.

9 నవంబరు, శనివారం

మోత లేదు.

16 నవంబరు, శనివారం

శామ్యూల్‌కు షాక్ కొట్టింది. ప్రాణానికి భయం లేదు.

సాధనలో పాడబోయి మైకుకు పెదవి ఆనించాడట, వేళ్ళు గిటారు తీగల మీద ఉన్నాయి. వేదిక మీద నుంచి కింద పడ్డాడు. ఎడమ మణికట్టు విరిగింది. మస్తాన్ పరిగెత్తి మెయిన్ ఆపాడు. నేను వెళ్ళేసరికి శామ్యూల్‌ను ఆసుపత్రికి తీసుకుపోయారు.

హాలు బాధ్యతలు చూసే పెద్దాయన ఇస్సాకు గారు నన్ను అడిగారు. మా ఇంటి నుంచి పంపినప్పుడు పెట్టె సరిగానే ఉందని చెప్పాను. అది నిజం.

హాలు గోడలకు చెమ్మ ఉంది. ఈ వానలకు వైరింగు ఎలా ఉందో.

17 నవంబరు, ఆదివారం

ఇంటి నుంచి పంపినప్పుడు మూడు తీగలూ ఉన్నాయి. అది నిజమే.

20 నవంబరు, బుధవారం

శామ్యూల్‌ను అతని గదిలో చూసి వచ్చాను. చెయ్యి మోచేతి దాకా కట్టు. ఆరు వారాలట. కింది పెదవి మీద కాలిన మచ్చ. నేను కమలాపండు ఒలిచి తొనలు ఇస్తుంటే కుడిచేత్తో అందుకున్నాడు.

"మస్తాన్‌ని రావద్దన్నారక్కా. ప్లగ్‌లో ఎర్త్ కట్ చేసుందంట. హాల్లో ప్లగ్గులు ముట్టుకునేది వాడొక్కడే కదా. అంత కేర్‌లెస్ అనుకోలేదు వాణ్ణి."

పండు అయిపోయింది. ఇంకోటి ఒలిచాను.

రెండు వారాలు ఏమీ కాలేదు కదా. మూడోసారి ఎందుకు కొట్టాలి? తీగ తీసినందుకే అయితే మొదటి రోజే కొట్టాలి. కాబట్టి కారణం వేరే ఏదో ఉంది.

23 నవంబరు, శనివారం

చూసి పెట్టమని పెట్టెను నా దగ్గరికే పంపారు. నమ్మకం.

పచ్చ తీగ లేకుండానే ప్లగ్గు పెట్టి స్విచ్చి వేశాను. ఇనప చట్రానికీ మా ఇంటి ఎర్తుకూ మధ్య మీటరు పెడితే రెండొందల పది వోల్టులు. మీటరు ఒక్కోసారి లేనిది ఉన్నట్టు చూపిస్తుంది. అందుకని జీరో బల్బు తగిలించాను. బల్బు వెలిగింది. పూర్తిగా కాదు, కానీ పట్టపగలు కనిపించేంత.

స్విచ్చి పక్కనున్న ఆ చిన్న కెపాసిటర్‌ను విప్పి చూశాను. బల్బు ఆరిపోయింది. అదే. పాతబడి లోపల చెడిపోయి కరెంటును చట్రానికి వదులుతోంది. పచ్చ తీగ ఉన్నంతకాలం ఆ కరెంటు భూమిలోకి పోతూ వచ్చింది, ఎవరికీ తెలియలేదు.

మరి రెండు వారాలు ఎందుకు కొట్టలేదు? దానికీ జవాబు దొరికింది. మిక్సరుకు వెళ్ళే కేబుల్ ద్వారా చట్రానికి ఎర్తు అందుతూనే ఉంది. నేను తీసిన తీగ పని ఆ కేబుల్ చేసింది. పదహారో తేదీన శామ్యూల్ ఆ కేబుల్ పీకేసి స్పీకరు ముందు మైకు పెట్టించుకున్నాడట, అలా అయితే శబ్దం బాగుంటుందని. కేబుల్ పోయింది, పచ్చ తీగ లేదు. కరెంటుకు మిగిలిన దారి గిటారు తీగల నుంచి అతని వేళ్ళకు, పెదవి నుంచి మైకు ఎర్తుకు.

మొత్తం అర్థమైంది. ఎందుకు అని ఇరవై మూడేళ్ళు అడగాలనుకున్నదానికి మొదటిసారి ఒక పూర్తి జవాబు.

24 నవంబరు, ఆదివారం

రాయడానికేమీ లేదు.

25 నవంబరు, సోమవారం

పెట్టెలో లోపం ఉంది. చిన్న కెపాసిటర్ నేను పెట్టింది కాదు.

27 నవంబరు, బుధవారం

పొద్దున ఆయన అంగడికి పోకుండా వసారాలో కూర్చున్నాడు.

"వారం నుంచి చూస్తాండా. కూరలో ఉప్పుండదు, మాటకు మాటుండదు. ఏమయ్యిండాది నీకు?"

చెప్పాను. తీగ, కేబుల్, బల్బు, అన్నీ. ఆయనకు కరెంటు సంగతులు తెలియవు. బల్బు వెలిగిన దగ్గర మాత్రం తలూపాడు. కూర్చునే చెప్పుల్లో కాళ్ళు పెట్టాడు.

"ఆ మస్తానుకు పిల్లోళ్ళెందరు?"

"తెలీదు."

"అడగల్యా?"

"అడగల్యా."

"నేనూ వస్తా, పోయి చెప్పేసి వద్దాం పా."

వద్దన్నాను. చేసినదాన్ని నేను, నేనే పోతాను అన్నాను. సరే అని లేచి అంగడికి పోయాడు.

ఈ డైరీలో కూడా ఒక సంగతి రాయలేదు. పదహారో తేదీన నేను వెళ్ళేసరికి మస్తాన్ ప్లగ్గు విప్పి చేతిలో పట్టుకుని ఉన్నాడు. "ఇదో చూడండి సార్, ఎర్తు తీగ ఎవరో కత్తిరించినారు. ఇది నా పని కాదు," అంటున్నాడు. ఇస్సాకు గారు నా వైపు తిరిగారు. అప్పుడు నేను ఇంటి నుంచి పంపినప్పుడు సరిగానే ఉందన్నాను. మస్తాన్ నా మొహం వైపు చూశాడు. నేను గోడల చెమ్మ చూశాను.

30 నవంబరు, శనివారం

ముందు ఇస్సాకు గారింటికి వెళ్ళాను. కుర్చీ చూపించారు. నిలబడే చెప్పాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

"అమ్మా, ఆ పొద్దు నేను నిన్ను అడిగితి కదా?"

"అడిగినారు సార్."

"నేను ఆ మనిషిని నలుగురి ముందర అబద్ధాలాడద్దు అంటిని. అల్లాపై ఒట్టేసి చెప్పినాడు. నేను ఇనల్యా." కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకున్నారు. "నువ్వు ఒకటి దాస్తివి. నేను ఒకటి ఇనకపోతిని. సరే. ఇప్పుడు అతను యాడుండాడో కనుక్కోవల్ల."

సిటీ దాటి హొసకోటెలో ఏదో కట్టడం పనిలో మస్తాన్ చేరాడని హాలు కాపలాదారు చెప్పాడు.

తర్వాత శామ్యూల్. అతను కోప్పడతాడనుకుని సిద్ధంగా వెళ్ళాను. అతను కోప్పడలేదు. చిన్న కెపాసిటర్ గురించి, కేబుల్ గురించి కాగితం మీద గీసి చూపించమన్నాడు. గీశాను. అర్థమైందని తలూపి, కాగితం మడిచి పక్కన పెట్టాడు.

"టెక్నికల్ మిస్టేక్ నాకు ప్రాబ్లం కాదక్కా. నేనూ రోజూ చేస్తాను. కానీ మొన్న ఇక్కడే కూర్చుని పండు ఒలిచిపెట్టారు. నేను మస్తాన్‌ని తిడుతుంటే విన్నారు."

"విన్నా."

"అది ఎలా విన్నారా అని."

పెట్టె ఏం చేయమంటావు అని అడిగితే, తర్వాత చెప్తానన్నాడు. గుమ్మం దాకా వచ్చి సాగనంపలేదు. ఎప్పుడూ వచ్చేవాడు.

4 డిసెంబరు, బుధవారం

హొసకోటెకు బస్సులో వెళ్ళాను. హైవే పక్కన మూడంతస్తుల గోడౌను కడుతున్నారు. మస్తాన్ రెండో అంతస్తులో గోడ తవ్వి వైరింగు పైపులు పెడుతున్నాడు. నన్ను చూసి దిగి వచ్చాడు. తల నిండా సిమెంటు దుమ్ము.

"ఆ తీగ కత్తిరించింది నేనే మస్తానూ," అన్నాను.

"తెలుసక్కా."

"తెలుసా?"

"ఆ పొద్దు అందరూ టీకి పోయినారు గదా. నేను పోలా. పైన బాల్కనీలో ట్యూబ్‌లైటు మారుస్తాంటి. పైనుంచి చూసినా."

"మరి చెప్పలేదే?"

అతను చేతులు దులుపుకున్నాడు. "చూసిన పొద్దు, పెద్ద ఫ్యాక్టరీలో చేసిన మనిషి, తెలిసే చేస్తాంది అనుకొంటి. అడగల్యా. అది నా తప్పు. షాకు కొట్టిన పొద్దు, నువ్వు ఎదురుగానే నిలబడుకోని ఉండావు. నీ నోట్లోంచే వస్తాది లే, నేను యాల చెప్పల్ల అనుకొంటి. నువ్వు నోరు తెరిచి ఇంకోటి చెప్తివి. దాని తర్వాత నేను చెప్తే ఎవరు నమ్ముతారు? తప్పించుకునేకి ఆడమనిషి మీద ఎత్తేస్తాండాడు అంటారు."

ఇస్సాకు గారు మళ్ళీ రమ్మంటున్నారని చెప్పాను.

"నువ్వొచ్చి పిలిస్తే ఎట్లక్కా? వద్దన్నోళ్ళు వచ్చి పిలవల్ల."

పిల్లలెందరని అడిగాను. ఇద్దరు ఆడపిల్లలట. పెద్దది తొమ్మిదో తరగతి. "క్షమించు" అన్నాను. ఆ మాట నోట్లో చాలా చిన్నగా ఉంది. అతను క్షమించానని అనలేదు. "ఎండలో వచ్చినావు, టీ తాగి పో," అన్నాడు. ఇద్దరం ఇటుకల మీద కూర్చుని తాగాం. పైపుల గురించి మాట్లాడాడు. ఇక్కడి కాంట్రాక్టరు సన్నం వైరు వేయమంటున్నాడట, ఇతను వేయనంటున్నాడట.

9 డిసెంబరు, సోమవారం

ఇస్సాకు గారు డెబ్భై ఏళ్ళ మనిషి, బస్సెక్కి హొసకోటె వెళ్ళి వచ్చారట. మస్తాన్ ఆ గోడౌను పని ముగిసేదాకా శని, ఆదివారాలు మాత్రం వస్తానన్నాడట.

14 డిసెంబరు, శనివారం

పెట్టె ఏం చేయాలో శామ్యూల్ ఇంకా చెప్పలేదు. కానీ అలా వదిలేయడం తప్పు. ఆ చిన్న కెపాసిటర్‌ను పూర్తిగా తీసేశాను. కొత్త మెయిన్స్ తీగ వేసి, పచ్చ తీగను చట్రానికి వేరే బోల్టుతో బిగించాను. మోతకు సరైన మందు ఆ రేడియో పుస్తకంలో ఉంది. మిక్సరుకు వెళ్ళే కేబుల్ మధ్యలో ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మర్ పెడితే పాట దాటుతుంది, ఎర్తు దాటదు. అగ్గిపెట్టెంత ట్రాన్స్‌ఫార్మర్. మా ఆయన ఎస్‌పీ రోడ్డులో అరగంటలో తెచ్చాడు.

అరగంట.

25 డిసెంబరు, బుధవారం

చర్చి వైపు నుంచి పాటలు వినిపించాయి. గిటారు లేదు.

5 జనవరి 2003, ఆదివారం

శామ్యూల్ వచ్చాడు. కట్టు విప్పారు. చెయ్యి సన్నబడి, పాలిపోయి ఉంది. వేళ్ళు ఇంకా పూర్తిగా ముడుచుకోవు, నెమ్మదిగా వస్తుందన్నారట.

పెట్టె విప్పి చూపించాను. ప్రతి తీగా ఎక్కడి నుంచి ఎక్కడికో, ఎందుకో చెప్పాను. శ్రద్ధగా విన్నాడు.

"అంతా కరెక్టే అక్కా. బుర్రకి అర్థమైంది. కానీ మైకు దగ్గరకెళ్తే నా నోరు వెనక్కి పోతోంది. మొన్న ట్రై చేశాను, గిటారు లేకుండానే. కుదర్లేదు."

"నేనేం చెయ్యల్ల చెప్పు."

"శనివారం హాలుకి రండి. ముందు మీరు పట్టుకోండి."

11 జనవరి, శనివారం

పొద్దున పదింటికి వెళ్ళాను. మా ఆయనా వచ్చాడు, అంగడికి సెలవు పెట్టి. పాటలవాళ్ళు పది మంది, ఇస్సాకు గారు. మస్తాన్ నన్ను పలకరించలేదు. హాలు ఎర్తును మాత్రం నా ఎదుటే మీటరు పెట్టి చూశాడు. తర్వాత ఆంప్లిఫయరు చట్రం నుంచి మైకు దాకా చూశాడు. "సున్నా," అన్నాడు అందరికీ వినబడేట్టు. నన్నూ చూడమన్నాడు. చూశాను. సున్నా.

వేదిక మీద శామ్యూల్ గిటారు నా మెడలో వేసి, తను కిందికి దిగాడు. ఎప్పుడూ పట్టుకోలేదు, ఇంత బరువుంటుందని తెలియదు. మిక్సరుకు వెళ్ళే కేబుల్ పీకేయమన్నాను. ఆ రోజు ఎలా ఉందో అలాగే ఉండాలి. మస్తాన్ పీకేశాడు. పీకి, వెళ్ళి మెయిన్ స్విచ్చి దగ్గర చెయ్యి పైకెత్తి నిలబడ్డాడు.

"నేనుండా, పట్టుకోక్కా," అన్నాడు.

లెక్క ప్రకారం ఏమీ కాకూడదని తెలుసు. అయినా చేతులు కొంగుకు తుడుచుకున్నాను. ఎడమచేతి వేళ్ళు ఆరు తీగల మీదా గట్టిగా ఆనించాను. వంగి మైకుకు పెదవి ఆనించాను. ఇనుము చల్లగా ఉంది.

ఏమీ కాలేదు. నా ఊపిరి హాలంతా వినిపించింది, వస్తూ, పోతూ. నాకే కొత్తగా ఉంది. వదిలేయమని ఎవరూ చెప్పలేదు. నేనూ వదల్లేదు. కొంతసేపటికి శామ్యూల్ వేదిక ఎక్కి వచ్చి, మెల్లగా నా మెడలోంచి గిటారు తీసుకున్నాడు.